కొల్లేటి ఊళ్ళో వడ్డన ఆగిన సాయంత్రం

2022 డిసెంబరు. ఏలూరు పక్కన వట్లూరులో మా ఇంటి ముందు గదే నా ట్రావెల్స్ ఆఫీసు. ఒక బల్ల, రెండు ఫోన్లు, గోడకి ఒక రోడ్డు మ్యాపు. సొంత బండి లేదు. పది పదిహేను మందిని పోగుచేసి, అద్దె బండి మాట్లాడి, గుళ్ళూ గుహలూ చూపించి, ఎక్కించుకున్న వాళ్ళని ఎక్కించుకున్నట్టే మళ్ళీ వాళ్ళ ఇళ్ళ దగ్గర దింపటం నా పని. గ్రూప్ టూర్లు నడుపుతానంటే చాలామంది "హాయిగా ఊళ్ళు చూస్తారన్నమాట" అంటారు. నేను ఊళ్ళు చూడను. కుళాయిలో నీళ్ళొస్తున్నాయో లేదో చూస్తాను. దుప్పటి వాసన చూస్తాను. వంటవాడి గోళ్ళు చూస్తాను.

ఈ బుద్ధి నాకు ఉద్యోగంతో వచ్చింది కాదు. పుట్టింది తాడేపల్లిగూడెంలో, కిరాణా కొట్టు వెనక గదిలో. పెదనాన్నది ఉల్లిపాయల కమీషను వ్యాపారం, మేనమామది బట్టల కొట్టు. మా ఇళ్ళలో ఆడపిల్లకి కూడా అక్షరాలకంటే ముందు బేరం వస్తుంది. పెళ్ళిచూపులయ్యాక అబ్బాయి నచ్చాడా అని అడిగితే, "ఇంకోటి చూపించమనండి" అన్నానని మావాళ్ళు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. నేను అనలేదు. అనుకున్నాను, అంతే.

కరోనా రెండేళ్ళూ ఆ బల్ల మీద దుమ్ము తుడవటం తప్ప వేరే పని లేకపోయింది. మళ్ళీ మొదలుపెట్టాక దొరికిన మొదటి మంచి గ్రూపు గూడెంలో పొద్దున్నే నడకకి వెళ్ళే పెద్దవాళ్ళది. పద్నాలుగు మంది. వాళ్ళకి పెద్ద సూర్యనారాయణ మాస్టారు, రిటైరైన హెడ్మాస్టరు, నాకు ఎనిమిదో తరగతిలో లెక్కలు చెప్పినాయన. "అమ్మా రాజ్యం, ముందు ఒక్క రోజు తిప్పి చూపించు. బాగుంటే కాశీకి నలభైమందిమీ నీతోనే వస్తాం" అన్నారు. అంటే ఆ ఒక్క రోజూ నాకు పరీక్ష. బాగా జరిగితే కాశీ. చెడితే గూడెంలో మళ్ళీ నా పేరు ఎత్తేవాళ్ళుండరు.

ఐటినరరీ రాశాను. ఏ గంటకి ఎక్కడుంటామో రాసుకునే కాగితాన్ని మా వృత్తిలో అలా అంటాం. ఆరింటికి గూడెం నుంచి బయల్దేరి ద్వారకా తిరుమల దర్శనం, అక్కణ్ణించి కామవరపుకోట మీదుగా గుంటుపల్లి బౌద్ధ గుహలు, ఏలూరులో భోజనం, సాయంత్రానికి కొల్లేరు. రాత్రికి అక్కడే ఒక ఊళ్ళో బస, తెల్లవారగానే పిట్టల్ని చూసి వెనక్కి. బస లాడ్జిలో కాదు, హోమ్‌స్టేలో. ఊరివాళ్ళ ఇళ్ళలో దిగి, వాళ్ళు వండింది తినటం అన్నమాట. అందులోనూ ఇది కమ్యూనిటీ హోమ్‌స్టే. ఒక ఇంటివాళ్ళది కాదు, ఊరంతా కలిసి నడిపేది. ఏ చుట్టం ఏ ఇంట్లో దిగాలో వాళ్ళే చీటీలు తీసి వంతులు వేసుకుంటారు. ఆ ఊరు చేరాలంటే రోడ్డు చివర బండి దిగి పడవ ఎక్కాలి. ఊరి పేరు మాత్రం రాయను.

నెల ముందే వెళ్ళి చూసొచ్చాను. నడిపేది నాగమణి అని, నా వయసావిడే. ఇళ్ళన్నీ చూపించింది. కుళాయిలు తిప్పాను, దుప్పట్లు వాసన చూశాను. వంక దొరకలేదు. అప్పటికే నాకు అనుమానం మొదలైంది.

"మనిషికి ఎంతండి?" అని అడిగాను.

చెప్పింది. అలవాటు ప్రకారం దానికి సగం కంటే ఓ పిసరు పైన చెప్పి, మొహం చిట్లించి, చేపల చెరువు వైపు చూస్తూ నిలబడ్డాను. ఇప్పుడు ఆవిడ "గిట్టదండి" అనాలి. నేను చెప్పులు వేసుకోవాలి. గట్టు దాకా నడిచాక ఆవిడ వెనక్కి పిలవాలి. ఎక్కడైనా పద్ధతి అదే కదా.

"ఆయ్, అలాగేనండి" అంది నాగమణి.

నేనడిగిన మొదటి ధరకి ఒప్పుకున్న మనిషిని నా జన్మలో చూడలేదు. తట్టుకోలేక, "అడ్వాన్సు ఎంతిమ్మంటారు?" అన్నాను.

"అడ్వాన్సెందుకండి? వత్తానన్నారు కదా."

ఇంటికొస్తూ దారంతా ఆలోచించాను. ధర మాట్లాడని మనిషి, అడ్వాన్సు తీసుకోని మనిషి. అంటే నాకంటే ఎక్కువిచ్చేవాళ్ళు దొరికితే నన్ను వదిలెయ్యటానికి సిద్ధంగా ఉన్న మనిషి. మా నాన్న ఎప్పుడైనా కొత్త హోల్‌సేల్ షాపువాడి దగ్గర సరుకు తీసుకోవాలంటే, ముందు ఎవరో తెలియని మనిషిని పంపి అదే సరుకు అడిగించేవారు. మా వృత్తిలో దాన్ని డమ్మీ ఎంక్వైరీ అంటారు. నేను మా తమ్ముడు రాంబాబు చేత ఫోన్ చేయించాను.

వాడు అరగంటలో మళ్ళీ నాకు చేశాడు. "అక్కా, నువ్వన్నట్టే అయింది. మూర్తి అని పేరు చెప్పి అదే తారీకు అడిగేను. పదిమందిమన్నాను. అందులో ఇద్దరు చంటిపిల్లలు, ఒక ముసలావిడ అని కూడా కలిపేను, నమ్మకంగా ఉంటుందని. 'ఆ రోజు వేరేవాళ్ళు వత్తన్నారండి, అయినా సర్దుతాం, రండి' అంది."

"అడ్వాన్సు అడిగిందా?"

"లేదు."

"నువ్వేమన్నావు?"

"వస్తామన్నాను. ఏవనమంటావు మరి?"

దొరికింది వంక. ఉన్న మంచాలకంటే ఎక్కువమందికి మాటివ్వటాన్ని ఓవర్‌బుకింగ్ అంటారు. మా తమ్ముడికి మాటిచ్చిన మనిషి ఇంకెందరికి ఇచ్చిందో! నిజానికి ఆ రోజే ఆ ఊరు వదిలేసి వేరే చోటు చూసుకోవాలి. కానీ అంత తక్కువ ధర వదులుకోవటానికి నాకు ప్రాణం ఒప్పలేదు. అందుకని ఊరిని వదలకుండా జాగ్రత్తల్లో పడ్డాను.

ఏలూరు లాడ్జిలో అయిదు గదులు బ్యాకప్ బుకింగ్ చేశాను. ఒకటి చేజారితే రెండోది ఉండాలని పట్టి ఉంచుకునేదది. సాయంత్రం ఆరులోగా వద్దంటే సరి, ఆరు దాటితే గదులు మావే, అద్దె కట్టాల్సిందే. బయల్దేరే రోజు బండి వెనక ఇరవై దుప్పట్లు, నీళ్ళ డబ్బాలు, అటుకులు, ఒక బియ్యం బస్తా, చిన్న గ్యాసు పొయ్యి ఎక్కించాను. మాస్టారు చూసి, "అమ్మా రాజ్యం, మనం వెళ్ళేది హోమ్‌స్టేకా, కాపురానికా?" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. లోపల మాత్రం, ఈ బియ్యం మీకు దేవుడిలా కనపడే ఘడియ వస్తుంది ఉండండి, అనుకున్నాను.

ద్వారకా తిరుమలలో దర్శనం త్వరగానే అయింది. ప్రసాదం తింటుంటే నాగమణి ఫోన్. "మేడం గారూ, బయల్దేరేరాండి? మీ దారిలో పిల్లల్తో ఉన్న బండేదైనా కనబడిందాండి?"

"ఏ బండి?"

"అబ్బే, ఏం లేదండి. మీరు జాగర్తగా రండి."

ఏం లేనిదానికి ఎవరు ఫోన్ చేస్తారు? పులిహోర సగంలోనే పక్కన పెట్టి లేచాను.

గుంటుపల్లిలో సగంమంది మెట్లెక్కి గుహలు చూశారు, సగంమంది కింద చెట్ల నీడన కూర్చుని, ఎక్కినవాళ్ళ మోకాళ్ళ గురించి మాట్లాడుకున్నారు. నేను పైకెళ్ళాను, సిగ్నల్ కోసం. నాగమణికి చేశాను. వెనక ఆడవాళ్ళ గొంతులు. ఎవరో అంటున్నారు, "ఆళ్ళకి ఆ ఇల్లే ఇద్దారే, కొత్తగా సున్నవేసిందదే కదా." నేను పలకరించగానే మాటలు ఆగిపోయాయి.

"మా ఇళ్ళు మాకే కదండీ?" అన్నాను సూటిగా.

"అయ్యో, మీవి మీకేనండి."

మావి మాకే అయితే, కొత్త సున్నం ఇల్లు ఎవరికి?

ఏలూరులో భోజనాలై కొల్లేరు దారి పట్టేసరికి మూడున్నర. రోడ్డుకి రెండు పక్కలా చెరువులు, మధ్యలో గట్లు, గట్ల మీద కొబ్బరి మొక్కలు. బండిలో మధ్యాహ్నం భోజనాల తరవాతి నిద్ర. మెలకువగా ఉన్నది డ్రైవరూ నేనూ. రోడ్డు చివర పడవల రేవు దగ్గర రెండు ఇంజను పడవలున్నాయి. నేను మాట్లాడింది ఒకటే.

"రెండోది ఎవరికండి?" అని పడవ నడిపే వెంకన్ననడిగాను. నాగమణి భర్త ఆయన.

"రెండో జట్టుకండి" అన్నాడు తాపీగా.

అందరి ముందూ గొడవ పెట్టుకోలేను. డ్రైవరుకి చెవిలో చెప్పాను, "నువ్వు ఏలూరు వెళ్ళిపోకు. నేను ఫోన్ చేసేదాకా ఇక్కడే ఉండు." పడవలో బియ్యం బస్తా నా కాళ్ళ దగ్గరే పెట్టించుకున్నాను. నీళ్ళ మీద గూడబాతులు వరసగా కూర్చునున్నాయి. మాస్టారి స్నేహితురాలు అనసూయ గారు ఫోటోలు తీసుకుంటూ "ఎంత బాగుందమ్మా!" అంటుంటే, నేను దాటాల్సిన నీళ్ళెంత దూరమో, పద్నాలుగు మంది పెద్దవాళ్ళని చీకట్లో వెనక్కి తేవాలంటే ఎన్ని నిమిషాలో చూసుకుంటున్నాను.

ఊళ్ళో మాకు నాలుగు ఇళ్ళిచ్చారు. శుభ్రంగా ఉన్నాయి. ఇంటింటికీ వెళ్ళి చూశాను, పరుపులు సరిపోయాయి. అయిదో ఇల్లు మాత్రం మూసుంది. గోడలకి కొత్త సున్నం, గుమ్మానికి మావిడాకులు, ముంగిట్లో పెద్ద ముగ్గు. ఊళ్ళోకెల్లా అందమైన ఇల్లు.

"మాకదివ్వొచ్చుగా?" అన్నారు అనసూయ గారు.

"అది దుర్గ ఇల్లండి. అది వేరేవాళ్ళకండి" అంది నాగమణి, మొహమాటంగా.

కిటికీలోంచి తొంగి చూశాను. చాపలు పది, దిళ్ళు పది. అందులో ఒక మూలవి రెండు చిన్న దిళ్ళు. అయితే మాకంటే మంచి బేరం తగిలిందన్నమాట. ఆ క్షణాన నాగమణి మీద నాకు వచ్చింది కోపం కాదు, నిజం చెప్పాలంటే ఒకరకమైన గౌరవం. నా దగ్గర బేరమే ఆడనట్టు నటించి, నన్ను దాటి వెళ్ళిపోయింది.

అయిదూ యాభై. లాడ్జికి ఫోన్ చేసి వద్దనాలా, ఉంచాలా? ఉంచాను. ఆరు దాటింది.

భోజనాలు ఏడింటికన్నారు. చేపల మేత బస్తాలు పెట్టుకునే పొడుగాటి రేకుల షెడ్డు ఖాళీ చేసి, కడిగి, వరసగా విస్తళ్ళు వేశారు. మావాళ్ళు కూర్చున్నారు. చేపల పులుసు వాసన, వేపుడు వాసన. నేను పైకీ కిందికీ నడుస్తూ విస్తళ్ళు లెక్కపెట్టాను. మాకు నాతో కలిపి పదిహేను కావాలి. అక్కడ ఇరవై అయిదున్నాయి.

ఏడయింది. ఏడూ ముప్పావయింది. గిన్నెలు మూతలతో అలాగే ఉన్నాయి. ఆడవాళ్ళు గరిటెలు పట్టుకుని నిలబడి గట్టు వైపు చూస్తున్నారు. మాస్టారు షుగరు మాత్ర వేసుకుని కూర్చున్నారు. "అమ్మా రాజ్యం, విస్తరి చూడటానికి బాగుంది. కానీ ఇంతసేపా?" అన్నారు. ఆయన చేతిలో నాలుగు బిస్కెట్లు పెట్టి నాగమణి దగ్గరికి వెళ్ళాను. నా గొంతు నాకే బాకీ ఎగ్గొట్టినవాడిని నిలదీసే పెదనాన్న గొంతులా వినబడింది.

"ఏవండీ, ఏంటిది? పెద్దవాళ్ళండి. ఎవరి కోసం ఆపేరు?"

నాగమణి తల వంచుకుంది. "కోప్పడకండి మేడం గారూ. నీళ్ళు దాటి రావాల్సినోళ్ళు ఉండగా మేం వడ్డించమండి. చేపల యేటకెళ్ళిన దోనెలన్నీ గట్టెక్కితేనే ఊళ్ళో ఏ ఇంటైనా అన్నం పెట్టుకునేది. మా అత్తల నాటి నుంచీ అంతే. చుట్టాలకీ అదేనండి."

"మీవాళ్ళెవరు రాలేదిప్పుడు?"

"మావోళ్ళంతా వచ్చేసేరండి. రానిది ఆ రెండో జట్టండి. మూర్తి గారని. పదిమంది. పొద్దున్నించీ ఫోన్ చేత్తన్నాం, ఎత్తట్లేదు. పసిపిల్లలున్నారండి ఆళ్ళతో."

షెడ్డులో బల్బు వెలుగుతూనే ఉంది. నాకే అన్నీ ఒక్కసారి చీకటైపోయినట్టయింది.

రెండో పడవ. కొత్త సున్నం. రెండు చిన్న దిళ్ళు. దారిలో బండి కనబడిందా అన్న ఫోన్. పొద్దున్నుంచీ నేను పోగుచేసిన సాక్ష్యాలన్నీ నావే. వస్తామని చెప్పిన మూర్తి గారు రావటం లేదని ఆ తరవాత ఎవరూ చెప్పలేదు. చెప్పాలని రాంబాబుకి తోచలేదు, నాకూ తోచలేదు. మా కొట్లలో అడ్వాన్సు లేని మాట మాట కాదు. ధర అడిగి వెళ్ళిపోయినవాడు వెనక్కొచ్చి "కొనటం లేదండి" అని చెప్తాడా? బుక్ చేసుకుని రాని జనాన్ని మేం నో-షో అంటాం. అలాంటి వాళ్ళని నేను ఎన్నిసార్లు తిట్టానో లెక్కలేదు. ఇప్పుడు ఏకంగా పదిమందిని తయారుచేశాను.

ఆ క్షణాన నిజం చెప్పేసి ఉండాల్సింది. చెప్పలేదు. అటు చూస్తే పద్నాలుగు మంది ఆకలితో, కాశీ యాత్ర వాళ్ళ చేతుల్లో. మేత బస్తాల వెనక్కి వెళ్ళి రాంబాబుకి ఫోన్ చేశాను. "ఒరేయ్, ఇప్పుడే ఆవిడకి ఫోన్ చేసి రావటం లేదని చెప్పు. బండి పాడైందని చెప్పు. ఇంకేం కలపకు."

రెండు నిమిషాల్లో నాగమణి ఫోన్ మోగింది. హమ్మయ్య అనుకున్నాను. ఆవిడ వింటోంది, మొహం మారుతోంది. "ఎక్కడండీ?... ఏ గట్టండీ?... పిల్లలో?... హలో? హలో?" ఫోన్ కట్ అయింది. మళ్ళీ చేసింది. స్విచాఫ్. తరవాత వాడు చెప్పాడు, ఎక్కడ పాడైందని అడిగితే ఏం చెప్పాలో తెలియక "చెరువుల మధ్యలో, ఎక్కడో తెలీట్లేదు" అనేసి భయంతో ఫోన్ ఆపేశానని.

నాగమణి షెడ్డు మధ్యలోకొచ్చి ఊరికంతటికీ వినబడేలా చెప్పింది. "బండి చెరువుల్లో ఆగిపోయిందంట! పిల్లలూ, ముసలమ్మా ఉన్నారంట. ఫోన్ ఆగిపోయింది."

మగవాళ్ళు లేచి తలలకి తువ్వాళ్ళు చుట్టుకున్నారు. వెంకన్న పడవలో డీజిల్ చూసుకుంటున్నాడు. ఒకడు అవతలి గట్టు మీద ఆటో ఉన్నవాళ్ళకి ఫోన్ చేస్తున్నాడు, ఇద్దరు చెరోవైపు గట్లన్నీ వెతకమని పంచుకుంటున్నారు. సన్నగా, ముప్పై ఏళ్ళుండే ఒకావిడ ఫ్లాస్కూ, రెండు రగ్గులూ పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. "ఇయ్యి పట్టికెళ్ళండి. పాలు కాచేను. పిల్లలు చలికి తట్టుకోలేరు." ఆవిడే దుర్గ.

వెంకన్న ఒక కాలు పడవలో పెట్టాడు.

"ఆగండి" అన్నాను. ఎవరూ ఆగలేదు. "ఆగండి బాబూ! మూర్తి గారు లేరు."

"అయ్యో" అంది దుర్గ, ఫ్లాస్కు గుండెకి హత్తుకుని.

"పోవటం కాదమ్మా. అసలు మూర్తి గారే లేరు. అది మా తమ్ముడు. వాడి చేత ఫోన్ చేయించింది నేను. మీరు ఒకే ఇల్లు ఇద్దరికి ఇస్తారేమోనని చూడటానికి. బండీ లేదు, ఎవరూ రావటం లేదు. ఇప్పుడు ఆ అబద్ధం చెప్పించిందీ నేనే."

పద్నాలుగు మంది మావాళ్ళూ విన్నారు. షెడ్డులో ఎవరి గరిటో గిన్నెకి తగిలిన చప్పుడు. అనసూయ గారు ముందుగా తేరుకున్నారు. "అంటే మమ్మల్ని విస్తరి ముందు గంటసేపు కూర్చోబెట్టింది నువ్వా?"

నేను నాగమణి వైపే చూస్తున్నాను. తిట్టమని మనసులో వేడుకుంటున్నాను. తిడితే నేనూ ఏదో ఒకటి అనొచ్చు, బేరానికి దిగొచ్చు. ఆవిడ తిట్టలేదు. దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది.

"అంటే ఇప్పుడు నీళ్ళ మీద ఎవరూ లేరాండి?"

"లేరండి."

"గట్ల మీద?"

"లేరు."

"పిల్లలో?"

"మా తమ్ముడి పిల్లలు. గూడెంలో ఇంట్లో ఉన్నారు. చంటివాళ్ళు కూడా కాదు, బడికెళ్తారు."

"ఒట్టేనా?"

"ఒట్టు."

ఆవిడ పెద్దగా ఊపిరి వదిలింది. "అమ్మయ్య" అని, వెనక్కి తిరిగి గొంతెత్తి, "ఒరే, దిగండ్రా పడవ! అందరూ గట్టు మీదే ఉన్నారంట. వడ్డించండర్రా!" అంది.

ఇంజను ఆగింది. మూతలు లేచాయి. నేను నా విస్తరి వైపు అడుగేశాను.

"మీదక్కడ కాదండి" అంది నాగమణి. "మీది దుర్గ ఇంట్లో. ఆ పదిమందీ మీరే కదా."

దుర్గ ఇంట్లో అరుగు మీద కూర్చోబెట్టి విస్తరి వేసింది. వంకాయ కూర, గోంగూర పప్పు, పులుసు, పెరుగు, జంతికలు. చేపల ఊళ్ళో చేప లేని వంట. "మూర్తి గారు మేం చేప ముట్టమండి అన్నారంట కదండీ. అందుకని మూడు రోజుల్నించి ఇంట్లో చేప వండలేదండి. గిన్నెలు రామాలయంలోయి అడిగి తెచ్చేను, మావి వాసనొత్తాయని." అబద్ధం ఆడమంటే మా తమ్ముడు తిండి విషయంలో మాత్రం నిజం చెప్పాడు. మా ఇంట్లో ఎవరం చేప తినం. ఆ వంటంతా తెలియకుండానే నా కోసమే వండినట్టయింది.

చీటీల్లో దుర్గకి మొదటిసారి వంతు వచ్చిందట. చుట్టాలు రాకపోతే ఆ వంతు పోయినట్టే, మళ్ళీ ఇళ్ళన్నీ తిరిగి రావాలి, అంటే వచ్చే ఏడు పిట్టలొచ్చేదాకా. ఆ మాట ఆవిడ ఫిర్యాదుగా చెప్పలేదు. కారం సరిపోయిందా అని అడుగుతూ మధ్యలో చెప్పింది. "చేప లేకుండా కూర చెయ్యటం నాకలవాటు లేదండి. రుచి నాకు తెలీట్లేదు."

"చాలా బాగుందమ్మా" అన్నాను. ధర పెరుగుతుందేమో అన్న భయం లేకుండా నేను ఆ మాట అనటం అదే మొదటిసారేమో.

పెరుగు వడ్డిస్తూ అడిగింది, "మామీద మీకు అనుమానం ఎందుకొచ్చిందండి?"

"నేనడిగిన ధరకి నాగమణి గారు వెంటనే ఒప్పుకున్నారని."

దుర్గకి నవ్వాగలేదు. "అదాండి! ముందు ధర వేసుకున్నప్పుడే ఎక్కువేసేత్తన్నామేమో, ఇంటికొచ్చినోళ్ళ దగ్గర అంతా అని నాగమణక్క రెండ్రోజులు మధనపడిందండి. మీరు తగ్గించేసరికి బతికిపోయేననుకుంది."

నా ఇన్నేళ్ళ బేరాల్లో ఇంత ఘోరంగా ఎవరూ నన్ను ఓడించలేదు.

తెల్లవారి పిట్టల్ని చూశాం. మావాళ్ళందరికీ ఊరు నచ్చింది, పులుసు నచ్చింది. నేను నచ్చానో లేదో ఎవరూ చెప్పలేదు. బయల్దేరేముందు రాని పదిమంది డబ్బులివ్వబోతే నాగమణి తీసుకోలేదు. "తినని అన్నానికి డబ్బులేంటండి? మనుషుల్ని తీసుకురండి, దుర్గ వంతు ఉంచుతాం" అంది. జనవరిలో రాంబాబునీ, మరదల్నీ, పిల్లల్నీ, వాళ్ళ అత్తవారి తరపు వాళ్ళనీ కలిపి సరిగ్గా పదిమందిని పంపాను. ఒక ముసలావిడ తక్కువైతే మా పెద్దమ్మని బతిమాలి కలిపాను. ఆ ఊళ్ళో వాడినిప్పటికీ మూర్తి గారనే పిలుస్తారు. వాడూ పలుకుతాడు.

కాశీ యాత్ర నాకు రాలేదు. మాస్టారే ఇంటికొచ్చి చెప్పారు, మొహమాటపడుతూ. "నా వరకూ అభ్యంతరం లేదమ్మా. కానీ మా కమిటీలో కొందరికి భయం పట్టుకుంది. నువ్వు మమ్మల్ని కూడా దారిలో ఎక్కడైనా పరీక్షిస్తావేమోనని." కాఫీ ఇచ్చి పంపాను. వాళ్ళు వేరే ట్రావెల్స్‌లో వెళ్ళొచ్చారు. ఏడాది తరవాత అందులో ఆరుగురు నాతో కొల్లేరు మళ్ళీ వచ్చారు, అంతే.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళు నన్ను సలహా అడిగితే, అనుమానం మానెయ్యమని నేను చెప్పను. మానేస్తే ఈ పనిలో వారం కూడా నిలవలేరు. కుళాయిలు తిప్పండి, దుప్పట్లు వాసన చూడండి. కానీ అడిగేది మీ సొంత పేరుతో అడగండి. వద్దనుకున్నప్పుడు ఆ వద్దన్న మాట కూడా చెప్పండి. నేను ఇప్పుడు ధర కనుక్కుని వదిలేసిన ప్రతి చోటికీ, లాడ్జీ అయినా, వంటవాళ్ళైనా, పడవవాళ్ళైనా, సాయంత్రం కూర్చుని ఫోన్లు చేస్తాను. "మేం రావటం లేదండి." అవతలివాళ్ళు కంగారుపడతారు, కొందరు నవ్వుతారు. "ఈ మాట చెప్పటానికి ఫోన్ చేశారా మేడం?" అని అడుగుతారు. అవునండీ, అందుకే చేశానంటాను. ఎక్కడో ఎవరో పొయ్యి మీది గిన్నె దించాలో ఉంచాలో తెలియక, గరిటె పట్టుకుని దారి వైపు చూస్తూ నిలబడి ఉంటారేమో. వాళ్ళని అన్నానికి కూర్చోనివ్వాలి కదా.